చేతులు లేవని నాట్యం

నాకు వచ్చిన నాట్యం ఒక్కటే, అదీ మన దేశానిది కాదు. ఐర్లాండు పల్లెల్లో ఆడే ఆట. జనగామలో నేర్చుకున్నాను, మహబూబాబాద్‌లో నేర్పాను. పెళ్లిళ్లలో ఎవరైనా "టీచరమ్మా, మీకేదో దొరసాని డాన్సు వస్తదట, జర ఆడి చూపెట్టుండ్రి" అని పరాచికాలాడితే మోకాళ్ల నొప్పులని తప్పించుకుంటాను. నా మోకాళ్లకు ఏ రోగమూ లేదు. ఆ పాట నోట్లో మొదలైతే ఆగదేమోనని భయం, అంతే.

అరవై తొమ్మిదిలో నేను జనగామలో ఒక కాన్వెంటు బడి హాస్టల్లో ఉండేదాన్ని. మా బాపు నాలుగెకరాలున్న మనిషి కాదు, నలభై ఎకరాలున్న మనిషి. పొలం కొడుకులకు, ఇంగ్లీషు కూతురికి అని పంచిపెట్టేశాడు. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచి బడులన్నీ మూతపడ్డాయి. దగ్గరి ఊళ్ల పిల్లల్ని పెద్దవాళ్లు వచ్చి తీసుకుపోయారు. బస్సులు నడవక, రైళ్లు ఆగిపోయి నాలాంటి కొందరం హాస్టల్లోనే మిగిలిపోయాం. బయట రోడ్డు మీద నినాదాలు, ఉన్నట్టుండి పరుగులు, తుపాకి పేలిందో టైరు పేలిందో తెలియని చప్పుళ్లు. కిటికీలు తీయొద్దని ఆజ్ఞ. పగటిపూట కూడా చీకట్లో కూచుని కూచుని మేం ఒకరి జుట్టు ఒకరం పట్టుకునే దాకా వచ్చాం.

అక్కడి సిస్టర్లలో ఒకామె ఐర్లాండు నుంచి వచ్చింది. ముఖం నిండా గోధుమరంగు మచ్చలు. చిన్నప్పుడు అమ్మవారు పోసిందేమోనని మేం జాలిపడేవాళ్లం. ఆమె తెలుగు నేర్చుకున్నది వంటామె దగ్గర, అందుకని "ఏంది పిల్లా, గట్ల చూస్తవ్? బువ్వ తిన్నవా?" అని మా ఇంట్లో మనిషిలా మాట్లాడేది. కోస్తా నుంచి వచ్చిన టీచర్లు అది విని ముసిముసిగా నవ్వేవాళ్లు. మమ్మల్ని చూసి నవ్వే నవ్వే అది. అందుకే ఆమె అంటే మాకు ప్రాణం.

మా కొట్లాటలు చూడలేక ఒకరోజు ఆమె సామాన్ల గది తలుపు రెక్కను ఊడదీయించి హాల్లో బండల మీద పరిపించింది. "మా ఊళ్ల పెండ్లయినా పండుగయినా తలుపు ఊడదీసి దాని మీద ఆడుతరు" అంది. మాకు గుండె ఆగినంత పనైంది. గడపకు పసుపు రాసి, తలుపుకు బొట్టు పెట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. తలుపును కాళ్లతో తొక్కడమా! ఆమె మాత్రం పాత బూట్లు వేసుకుని ఎక్కింది. నడుము నుంచి పైన రాతిబొమ్మలా ఉంది. కింద కాళ్లు మాత్రం ఆమెవి కానట్టు ఆడుతున్నాయి. వాయిద్యం లేదు. మాటల్లేని పాట ఒకటి నోటితోనే గబగబా తిప్పుతూ, దానికే అడుగు వేసేది. వాళ్ల పల్లెల్లో ఫిడేలు కొనలేని వాళ్లంతా అలాగే ఆడేవాళ్లట.

మాకు కాళ్లు తొందరగానే వచ్చాయి. చేతులే మాట వినలేదు. బతుకమ్మ ఆడినా, కోలాటం వేసినా మన ఆటంతా చేతుల్లోనే కదా. ఆమె విసిగిపోయి మా జాకెట్టు చేతులను లంగాలకు పిన్నీసులతో గుచ్చేసింది. "చేతులెందుకు లేపొద్దు సిస్టర్?" అని అడిగితే ఆలోచించి, "ఎరుక లేదు పిల్లా. లేపితే మా అమ్మ కట్టెతోని కొడుతుండె" అంది. ఇంతకన్నా గొప్ప కారణం ఆ తర్వాత కూడా నాకెవరూ చెప్పలేదు.

ఒకనాడు బయట గుంపు చేరింది. మూసిన తలుపుల వెనక బూట్ల చప్పుడు వినిపిస్తోందని, కాన్వెంటులో పోలీసులను దాచిపెట్టారని ఎవరో పుకారు లేపారు. గేటు ఊగిపోతోంది. ఒక రాయి వచ్చి వరండాలో పడింది. మేం మంచాల కింద దూరాం. ఆమె వెళ్లి గేటు తానే తీసి, మమ్మల్ని బయటికి పిలిచి, వాళ్ల ముందే ఆడమంది. పిన్నీసులతో సహా వణుక్కుంటూ ఆడాం. గుంపులోని కాలేజీ పిల్లలు మొదట బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వి, "ఓస్, గిదా!" అనుకుంటూ పోయారు. ఉన్నదున్నట్టు చూపిస్తే ఎంత అనుమానమైనా తీరిపోతుందని నాకు ఆ రోజే గట్టి నమ్మకం ఏర్పడింది.

ఆ తర్వాత రెండేళ్లకు ఆ సిస్టర్ కామెర్లతో పోయింది. కాన్వెంటు ఆవరణలోనే పూడ్చారు.

నేను చదువు ముగించి మహబూబాబాద్‌లో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. మహబూబాబాద్ అని కాగితాల మీదే, నోటికొస్తే మానుకోటే. బడికి హాస్టల్ ఉంది. వార్షికోత్సవానికి ప్రతిసారీ అవే కోలాటాలు చూసి విసుగెత్తిన హెడ్మిస్ట్రెస్, నాకొచ్చిన ఆట గురించి విని ఎగిరి గంతేసింది. పిల్లల్ని ఏరుకున్నాను. పాత బూట్లు సంపాదించి, ఎడ్లకు నాడాలు కొట్టే సాయిబు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బూట్లనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏ ఎడ్లకమ్మా గివి?" అన్నాడు. నవ్వుతూనే సన్నటి ఇనుప ముక్కలు కొట్టిచ్చాడు. వాయిద్యం ఇక్కడా లేదు. ఆ మాటల్లేని పాట నేనే పాడేదాన్ని.

వాళ్లలో ఒక పిల్ల ఉండేది. కురవి దాటి లోపలికి నడిచిపోవాల్సిన ఊరు. సన్నగా, మొండిగా, ఏదైనా పట్టుకుంటే వదలని రకం. పిన్నీసు అవసరం లేని పిల్ల అదొక్కతే. చేతులు పక్కకు పెట్టుకోమంటే పెట్టుకుంది, ఇక అవి మళ్లీ కదల్లేదు. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రి రెండో భార్య, చిన్నమ్మ పెంచిందని, ఆ చిన్నమ్మ కూడా ఆ ఎండాకాలమే కాన్పులో పోయిందని తర్వాత తెలిసింది. ఏడుస్తూ ఎప్పుడూ కనిపించలేదు. ఆట మొదలైతే మాత్రం ఆ పిల్ల చూపు ఎక్కడో నిలబడిపోయేది, రెప్ప కొట్టేది కాదు. దాన్ని చూసి నేను మురిసిపోయేదాన్ని. సిస్టర్ బతికుంటే దీన్ని చూసి ఏమనేదో అని అందరికీ చెప్పుకునేదాన్ని. తలుపు ఊడదీసి ఆడే ముచ్చట కూడా పిల్లలందరికీ చెప్పాను. ముచ్చటంటే చెప్పకుండా ఉండగలనా?

దసరా సెలవులైపోయి బడి తెరిచాక ఆ పిల్ల రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. దీపావళి అమావాస్య పొద్దున, పక్క ఊరి పిల్లొకతి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"ఆమెకు గాలి సోకింది టీచర్. కొట్టంల కట్టేసిండ్రు. ఇయ్యాల అమాస గదా, కాళ్లకు వాతలు పెడ్తరట."

"కాళ్లకెందుకే?"

"కాళ్లల్లనే ఉన్నదట."

వాతలంటే నాకు తెలుసు. మా ఊళ్లో పక్షవాతమొచ్చిన ముసలాయన కడుపు మీద, పాలు తాగని పసిబిడ్డ పొట్ట మీద కూడా చూశాను. కాళ్లల్లో ఉందన్నారంటే అరికాళ్లు కాలుస్తారు. ఇక ఆ పిల్ల ఆడడం మాట దేవుడెరుగు, నడవడమే ఉండదు. హెడ్మిస్ట్రెస్‌కు చెప్పి, దొరికిన బస్సెక్కి కురవిలో దిగి, జొన్నచేల మధ్య బండిబాట పట్టుకుని నడిచాను. దారిలో ఎదురైన మనిషిని ఆ ఇల్లెక్కడని అడిగితే వేలు చూపించి గబగబా పోయాడు.

వాకిట్లో జనం చేరి ఉన్నారు. కొట్టంలో గుంజకు ఆ పిల్లను ఎద్దుల పలుపుతో కట్టేశారు. పాదాలకు పసుపు, మధ్యమధ్య మసి. నన్ను చూసి లేవబోయింది, తాడు లేవనివ్వలేదు. పక్కనే ఒక తలుపు రెక్క గోడకు చేరేసి ఉంది. దాని నిండా ఇనుప నాడాల గాట్లు.

పిల్ల నాయినమ్మ నన్ను పక్కకు పిలిచి జరిగింది చెప్పింది. చిన్నమ్మ పోయింది మంచి నక్షత్రంలో కాదట. అలా పోతే ఆ ప్రాణం ఇల్లు విడవదని, పోయిన గదిని ఆరు నెలలు పాడుపెట్టాలని మన దగ్గర ఆచారం. తలుపు మూసి, అడ్డంగా తుమ్మకంప పెట్టి, ఎవరూ పోకుండా చూస్తారు. గడువు ఇంకా తీరలేదు. సెలవులకొచ్చిన పిల్లకు ఆట కోసం తలుపు కావాల్సొచ్చింది. వాడుకలో లేనిది ఇంట్లో అదొక్కటే. కంప తీసి, రెక్కను పైకెత్తి ఊడదీసి, కొట్టంలో పరుచుకుంది.

"దీపం పెట్టే యాల్లకు లడలడ చప్పుడైతాంది. పోయి చూసిన. కండ్లు ఒక్కకాడ్నే నిలవడ్డయి. పీనుగకు కట్టినట్టు చేతులు పక్కలకు అంటుకపోయినయి. కాళ్లొక్కటే ఎగురుతానయి. నోట్ల ఏందో గులుగుతాంది, తెలుగు గాదు, తురకం గాదు. పిలిస్తే పలుకలే బిడ్డా. నా కోడలు తలుపు మీద, నా కోడలే."

ముసలామె ఏడ్చింది. ఆమెకు మనవరాలంటే ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆ ప్రేమే నన్ను భయపెట్టింది. పగవాళ్లయితే బతిమిలాడుకోవచ్చు.

పిల్ల తండ్రిని అడిగాను: "అది డాన్సని ఆ పిల్ల చెప్పలేదా?"

"చెప్పింది తల్లీ. డాన్సంటే మాకెరుక లేదా? గట్లుంటదా డాన్సు?"

వాకిలి మధ్యలో మంత్రగాడు కూచుని ఉన్నాడు. నడివయసు మనిషి, కోపం లేదు, హడావిడి లేదు. ముందు పిడకల మంట, అందులో కొడవలి. అది ఇంకా ఎర్రబడలేదు. నాకు జనగామ గేటు గుర్తొచ్చింది. చూపిస్తే సరిపోతుంది కదా! చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, వాకిట్లోనే మొదలుపెట్టాను. మాటల్లేని పాట పాడుకుంటూ, చేతులు పక్కకు పెట్టుకుని, అడుగు తప్పకుండా ఆడాను. ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు నవ్వుతారు అని చూస్తున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు పిల్లలను కొంగుల్లోకి లాక్కుని వెనక్కి జరిగారు.

నేను ఆగాక మంత్రగాడు మెల్లగా అడిగాడు: "నీకు యాడ అంటింది బిడ్డా?"

"అంటడమేంది? నేర్సుకున్న. జనగామల."

"ఎవలి తాన?"

"ఒక తెల్ల సిస్టరు దగ్గర."

"ఆమె యాడున్నది?"

నేను ఉన్నదే చెప్పాను. "సచ్చిపోయింది."

జనం గుసగుసలాడారు. నిజం చెబితే నమ్మరని అంటారు. వాళ్లు నమ్మారు, అదే వచ్చిన కష్టం. చచ్చిన తెల్లామె నుంచి నాకు, నా నుంచి ఆ పిల్లకు, తలుపు ఊడగానే ఆ పిల్లలోకి చిన్నమ్మ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నామీద నాకు కోపం రాలేదు. ఆ క్షణాన నా కోపమంతా వాళ్లమీద, సిస్టర్ మీద, చేతులు లేపితే కట్టెతో కొట్టిన ఆ ఎక్కడి తల్లో ఆమె మీద. ఊరి పటేల్ అరుగు మీదే కూచుని ఉంటే పోయి అడిగాను. "వాళ్లింటి సంగతి, మనమేం జేస్తం" అని తల తిప్పుకున్నాడు.

నాయినమ్మ మనసొప్పక, పక్క ఊరి నుంచి ఒక ముసలి శివసత్తును కూడా ముందే పిలిపించి ఉంచింది. శివసత్తంటే దేవునికి ఇచ్చిన ఆడమనిషి. మెడలో గవ్వలదండ, నుదుట బండారి అనే దేవుని పసుపు, మీద దేవుడొచ్చినప్పుడు ఊరంతా ఆమె మాట వింటుంది. ఆమె పిల్ల ముందు గొంతుకూచుని చాలాసేపు చూసింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత నాయినమ్మతో అంది:

"దేవుడొస్తే చేతులు లేస్తయి అవ్వా. జుట్టు ఇడుస్తది, మెడ తిరుగుతది. గీ పిల్లకు కాళ్లే ఆడవట్టె. చేతులు లేవలేదంటే గది దేవుడు గాదు."

పిల్ల ఆ మాట వింది. విన్నట్టు నేను చూశాను.

కొడవలి ఎర్రబడింది. మంత్రగాడు పిల్లను విప్పుకుని రమ్మన్నాడు. తండ్రి తాడు విప్పుతుంటే నేను ఆయన చేయి పట్టుకుని బతిమిలాడాను. నాతో తీసుకుపోతానన్నాను, మళ్లీ ఈ ఊరికి పంపనన్నాను, కాళ్లు మొక్కుతానన్నాను. ఆయన నా చేయి మెల్లగా విడిపించుకున్నాడు. "నా బిడ్డ నాకు దక్కాలె టీచరమ్మా" అని మాత్రం అన్నాడు.

అప్పుడు ఆ పిల్ల నన్ను పిలిచింది. "టీచర్, జర పాడు."

నాకర్థం కాలేదు. తనూ ఒకసారి ఆడి చూపించి, ఇది ఉత్త ఆటేనని నిరూపించుకోవాలని ఆశపడుతోందనుకున్నాను. పాడాను. తాళం వంకర్లు పోతోంది. పిల్ల వాకిట్లోకి వచ్చి, చేతులు పక్కకు పెట్టుకుని, రోజుల తరబడి కట్టేసిన కాళ్లతోనే మొదలుపెట్టింది. అంత బాగా ఆ పిల్ల ఎన్నడూ ఆడలేదు. జనం గోడలకు అంటుకుపోయారు. కొడవలి పట్టుకున్న చేయి ఆగిపోయింది.

పాట సగంలో ఉండగా నా కళ్లలోకి చూసింది. చూస్తూనే చేతులు లేపింది. మొదట మోచేతుల దాకా, తర్వాత భుజాల మీదికి, తర్వాత నెత్తి మీదికి. జుట్టు తానే విప్పుకుంది. మెడ తిప్పింది. కాళ్లు పాత అడుగు వదిలేసి ఊరి డప్పుకు వేసే అడుగు వేశాయి. నేను పాడడం ఎప్పుడు ఆపానో నాకు తెలియదు. ముసలి శివసత్తు పెద్దగా కేక వేసి, గుప్పిట్లో బండారి పట్టుకుని పిల్ల మీద చల్లింది. ఎవరో పరుగెత్తి వేపమండలు తెచ్చారు. మంత్రగాడు కొడవలిని కుడితి గోలెంలో ముంచాడు. అది సుయ్యిమంది. తండ్రి వెళ్లి కూతురి పాదాల మీద పడి "తల్లీ, తల్లీ" అని ఏడ్చాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ పూట నాకు సంతోషమే అయింది. దాని తెలివికి మెచ్చుకున్నాను కూడా. గండం గడిచింది కదా, నాలుగు రోజులైతే బడికొస్తుందిలే అనుకుంటూ బస్సెక్కాను.

రాలేదు. వార్షికోత్సవంలో మిగిలిన పిల్లలతో కోలాటమే వేయించాను. సంక్రాంతి దాటాక మళ్లీ ఆ ఊరు పోయాను. ఇంటి ముందు పందిరి వేసి ఉంది. పిల్ల అరుగు మీద కూచుని ఉంది, ముఖానికి పసుపు, ఎదురుగా కొబ్బరికాయలు. తప్పిపోయిన బర్రె ఎటుపోయిందో అడగడానికి వచ్చినవాళ్లు వరసగా నిలబడ్డారు. అందరూ కాస్త దూరం జరిగాక నేను దగ్గరికి పోయి, "ఇగ చాలు, నడువు, బడికి పోదాం" అన్నాను.

ఆ పిల్ల నవ్వకుండా అంది: "దేవుడు పోయిండంటే మళ్ల గాలే అంటరు టీచర్. గా మంత్రగాడు ఊరిడిసి పోలే."

శివరాత్రికి ఆ పిల్లను దేవునికిచ్చి పెళ్లి చేశారు. నేను పోలేదు. పిలిచారు, పోలేదు. ఆ తర్వాత ముసలి శివసత్తుతో కలిసి ఊళ్లు పట్టుకుని పోయిందని విన్నాను. నేను ఎవరికీ ఆ ఆట మళ్లీ నేర్పలేదు. నాడాల బూట్లను సాయిబుకే ఇచ్చేశాను.

ఎనభైల్లో మా ఆయనకు భూపాలపల్లికి బదిలీ అయింది. అప్పటికి అది చెప్పుకోదగ్గ ఊరు కాదు, అడవి అంచున నాలుగు వీధులు. ఒకరోజు కాటారం నుంచి వస్తూ బస్సులో ఒక రైతు పక్కన కూచున్నాను. ఒళ్లో కూతురు, ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. దారిలో ఆ పిల్లకు మూర్ఛ వచ్చింది. కళ్లు తేలేసి, చేతులు కొయ్యబారి, నోట్లోంచి నురగ. నేను తల పక్కకు తిప్పి పట్టుకున్నాను. తేరుకున్నాక, వరంగల్ దవాఖానకు తీసుకుపొమ్మని, గోలీలు వేస్తే తగ్గే జబ్బని తండ్రికి చెప్పాను.

"ముందుగాల్ల అమ్మ తానకు తోల్కపోతున్న" అన్నాడాయన. "చెల్పూర్ అవతల ఉంటది. మంచి అమ్మ. ఎవలినీ గాలి అనదు. ఆమె తానకు పోయిన బిడ్డలకు ఎన్నడూ వాతలు పడలే."

నేను భూపాలపల్లిలో దిగలేదు, వాళ్లతోనే పోయి దిగాను. ఎందుకు దిగానో ఆ మాట వినగానే నాకు తెలుసు.

గుడిసె ముందు గద్దె, దాని మీద ఆమె. ముఖమంతా పసుపు, మెడలో గవ్వలదండ. వయసు పాతికేళ్లకు అటూ ఇటూ ఉండాలి, చూస్తే ఇంకా ఎక్కువనిపించింది. చుట్టూ నలుగురైదుగురు ఆడపిల్లలు, అందరి నుదుటా బండారి. ఒకతి నేల ఊడుస్తోంది, ఒకతి వేపమండలు తుంచుతోంది. ఒక్కరి మెడలోనూ బడికి పోయే పిల్లల పూసలు లేవు, అందరికీ గవ్వలే. ఆమె నన్ను చూసి ఆనవాలు పట్టింది. పట్టనట్టు ఉండి, ఆ రైతునూ పిల్లనూ బయట కూచోమని, నన్ను ఒక్కదాన్నే లోపలికి రమ్మంది.

"అది మూర్ఛ రోగం" అన్నాను, కూచోకముందే. "దేవుడూ కాదు, దయ్యం కాదు."

"నాకెరుకే టీచర్. దవాఖాన్ల గోలీలిస్తరు."

"మరి ఆ మాటే చెప్పు."

"చెప్పిన. మొదట్ల ఒక బిడ్డకు గట్లనే చెప్పిన, దేవుడు గాదు, దవాఖానకు తోల్కపోండ్రి అని. దేవుడు గాదన్నదే ఇన్నరు. ఈడికెళ్లి సక్కగ మంత్రగాని తానకు పోయిండ్రు. గా బిడ్డ కాళ్లు మళ్ల నేలకు ఆనలే." ఆమె గొంతులో ఏడుపు లేదు. "అప్పటిసంది ఎవలిని తెచ్చినా దేవుడే అంటన్న. గీ బిడ్డలందరు గట్ల వచ్చినోళ్లే."

నాకు ఆ ఊడ్చే పిల్ల, ఆ మండలు తుంచే పిల్ల గుర్తొచ్చారు.

"అయితే దేవుని మాటగానే దవాఖానకు పొమ్మను. నువ్వు చెబితే వింటరు."

ఆమె గడప వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అన్న టీచర్. పోయినేడు ఒక్కపారి అన్న. దేవుడు దవాఖానకు పొమ్మంటడా, గీమె మీద ఉన్నది దేవుడేనా అని గుసగుస వెట్టిండ్రు." కిందికి చూసింది. "గప్పుడు అందరు నా కాళ్ల దిక్కు చూసిండ్రు."

బయట డప్పు మొదలైంది. ఎవరో గడప దగ్గరికొచ్చి "అమ్మా, యాల్లయితాంది" అన్నారు. ఆమె లేచి, నా వైపు చూడకుండా జుట్టు ముడి విప్పుకుంది. నేను అడ్డంగా నిలబడి ఉంటే ఏమయ్యేదో తెలియదు. నేను పక్కకు తప్పుకున్నాను. నాకు భయమేసింది, ఆమె కోసమూ, నా కోసమూ.

గద్దె ముందు ఆ రైతు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆమె మీద దేవుడొచ్చి చాలాసేపు ఊగింది. చివరికి ఆ పిల్ల నెత్తి మీద చేయి పెట్టి, "గీ బిడ్డ నాది. నాకు ఇడిసిపెట్టి పో" అంది.

"గాలి కాదు గదా తల్లీ? గాలి కాదు గదా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. కాదంది. ఆయన నేల మీద కూలబడి సంతోషంతో ఏడ్చాడు. ఊడుస్తున్న పిల్ల చీపురు పక్కన పెట్టి, లోపల్నుంచి ఇంకో గవ్వలదండ తెచ్చింది. ఆ చిన్నపిల్ల మాత్రం ఇంటికి పోదాం నడువు బాపూ అంటూ తండ్రి అంగీ పట్టుకుని లాగుతూనే ఉంది.